ఫలిత కథనమందు ఔచిత్యము

కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని కాశ్మీర దేశపు పండితుడు క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున నిరూపించెను. ఔచిత్యమును పరీక్షింపదగిన తావులను ఆయన 27గా లెక్కించెను. వానిలో కాలము, దేశము, అవస్థ అనునవి కలవు. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గుమాస్తా పనిలో తల నెరసిన మాబోటివారికి ఆ గ్రంథమును మథించు శక్తి లేదు. అయినను ఆ మూడు మాటలను చేతబట్టుకొని, నేడు మన ఇండ్లలో నడచుచున్న ఒక వ్యవహారమును విమర్శింప సాహసించుచున్నాము. ఆటను ఇంకను చూడని మనిషికి, అతడు అడుగకయే, ఆ ఆట ఫలితమును ఫోనులో తెలియజేయుట అను అలవాటు ఆ వ్యవహారము. దీనికి మన పిల్లలు ‘స్పాయిలర్’ అని పేరు పెట్టుకొనిరి. తెలుగున దానికి పేరు లేదు. లేకపోవుటకు కారణమున్నది, అది మున్ముందు చెప్పుదుము.

ఇంత చిన్న విషయమునకు ఈ సంచికలో చోటేల యని కొందరు నవ్వవచ్చును. తెలుగు బడులు మూతపడుట, పిల్లలకు లిపి రాకపోవుట వంటి పెద్ద బాధలుండగా క్రికెట్టు స్కోరును గూర్చిన విమర్శ యేమిటని అడుగవచ్చును. మేమెరిగిన ఒక కుటుంబములో ఆట ఫలితమును గూర్చిన ఒక్క వాక్యము వలన ఒక పిల్లవాని తెలుగు మాట రెండు నెలలు ఆగిపోయినది. అందుచేతనే మేమిది వ్రాయుచున్నాము.

2025 జూన్ 3వ తేది, మంగళవారము. అహమ్మదాబాదులో ఐపీఎల్ తుదిపోటీ. బెంగుళూరు జట్టునకు అది 18వ సంవత్సరము; అంతవరకు ఒక్కసారియు కప్పు దక్కలేదు. 2009, 2011, 2016 సంవత్సరములలో తుదిపోటీ వరకు వచ్చి ఓడినది. ఇందు కర్ణాటకములో స్థిరపడిన తెలుగువారికి ఒక చిత్రమైన చిక్కు కలదు. 2009లో ఆ జట్టును ఓడించినది హైదరాబాదు వారి డెక్కన్ చార్జర్సు. 2016లో ఓడించినది హైదరాబాదు వారి సన్‌రైజర్సు. బళ్లారి ఇండ్లలో ఆ రెండు రాత్రులును తండ్రి ఒక పక్షము, కొడుకు మరియొక పక్షము వహించి, భోజనము వేళకు గాని రాజీ పడలేదని మాకు తెలియును. 2009లో 6 పరుగులతో పోయిన కప్పు 2025లో 6 పరుగులతోనే వచ్చినది.

మేము చెప్పు కుటుంబపు వాట్సాప్ గ్రూపులో నలువది మందికి పైగా ఉన్నారు. అవ్వ బళ్లారిలో, ఒక కూతురు హోసూరులో, ఇంకొక కూతురు షోలాపురములో, మరిది సంతానము బరంపురములో, మనుమడు అమెరికాలోని డాలస్ నగరమున. మనకు రాత్రి ఏడున్నరకు ఆట మొదలగునప్పటికి అక్కడ ఉదయము తొమ్మిది. కచేరికి పోవు వేళ. ఆ పిల్లవాడు సాయంకాలము మిత్రులతో కూర్చుండి మొదటి బంతి నుండి చూడవలెనని సంకల్పించుకొని, గ్రూపు మ్రోగకుండ చేసి, వార్తలు తెరువక, మధ్యాహ్నభోజనమునకు ఒంటరిగా పోయి గడపుచుండెను. ఒంటిగంట కావచ్చినది. హోసూరు చిన్నమ్మ గ్రూపులో కాక నేరుగా వానికే మెసేజి పంపినది: “గెలిచినాం రా నాయనా! పద్దెనిమిదేండ్లకు!” ఫోను మూసియున్నను మొదటి వరుస అద్దము మీద కనబడును గదా. కనబడినది. సాయంకాలము మిత్రులు వచ్చిరి, ఆట నడచినది, వారు కేకలు వేసిరి. వీడు వారికి చెప్పకుండ నోరు కట్టుకొని కూర్చుండెనట. ఆ రాత్రియే గ్రూపును వీడెను. కలహము లేదు, ఒక్క మాట లేదు. వీడిన సంగతి గ్రూపును నడపు మేనమామకు మాత్రమే తెలిసినది.

మరునాడు బెంగుళూరులో విజయోత్సవపు తొక్కిసలాటలో 11 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖము ముందు ఈ అలుక లెక్కకు రానిది. ఇంటివారు ఆ వారమున దీనిని గూర్చి మాటాడకపోవుటకు అదియే కారణము కాబోలు. మాటాడకపోవుట వారమై, నెలయై, రెండు నెలలయినది.

ఆ పిల్లవాడు కన్నడ మాధ్యమమున, తరువాత ఇంగ్లీషున చదివినవాడు. తెలుగు లిపి రాదు. గ్రూపులో ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయును. అవ్వకు ఆ అక్షరములు రావు. ప్రక్కింటి పిల్ల చదివి వినిపించును. అవ్వ నోటితో పలికి పంపును. ఇంత వంకర త్రోవలో నడచినను అది తెలుగే. డాలస్‌లో వానికి ఆ మాట తప్ప వేరు తెలుగు లేదు. మన కుటుంబములలో ఎన్నింటికి ఇదియే స్థితియో సంచిక చదువువారు తమ ఇండ్లను చూచికొని చెప్పవలెను. పండుగ శుభాకాంక్షలు వచ్చిన బొమ్మనే మరల పంపుదురు. పెండ్లి వార్తకు రెండు చేతుల బొమ్మ. పిల్లలు నిజముగా నోరు విప్పి వాక్యములు వ్రాయునది ఆటను గూర్చియు, సినిమాను గూర్చియు మాత్రమే. ఆ వాక్యములు పోయినచో ఇక మిగులునవి చేతుల బొమ్మలు.

అవ్వ అడిగిన ప్రశ్న ఇది: “మంచి వార్త చెప్పినదానికి కోపమేంటికి?” తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మన సంప్రదాయమంతయు ఆమె పక్షముననే నిలుచుచున్నట్లు కనబడును.

శుభవార్తను మొదట తెచ్చినవాని నోట చక్కెర పోయుట మన ఆచారము. మేము ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష వ్రాసిన ఏట ఫలితములు పత్రికలో వచ్చినవి. పత్రిక మా వీధికి చేరకమునుపే రైల్వే స్టేషనులో చూచి, సైకిలు మీద వచ్చి మా నంబరున్నదని చెప్పిన కుర్రవానికి మా తల్లి చక్కెర పోయుటయే కాక అర్ధరూపాయి ఇచ్చినది. సీతను వెదకి వచ్చిన హనుమంతుడు చూచితినను క్రియను ముందుంచి సీత పేరును తరువాత పలికెనని మన పౌరాణికులు ఎంత మురిసిపోవుదురో అందరును వినియుందురు. వినువాని ప్రాణము ఆ ఒక్క క్రియాపదము మీద వ్రేలాడుచుండగా కర్తను, కర్మను కూర్చుకొనుచు నిలుచుట తగదని వారి వ్యాఖ్యానము.

కావ్యనాటకములను చూచినను ఇంతే. బళ్లారి నాటకరంగమునకు పుట్టినిల్లు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను, కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిన ఊరు. బళ్లారి రాఘవగారి ఊరు. రామకృష్ణమాచార్యులవారు సారంగధరుని కథను విషాదాంతముగా మలచునాటికి తెలుగు రంగస్థలమునకు విషాదాంతము క్రొత్త. మన పూర్వుల పద్ధతిలో నాటకము శుభముగా ముగియవలెను. అంతటి క్రొత్త పనిని తలపెట్టినవారు దానిని దాచియుంచి చివరి అంకమున ప్రేక్షకుల మీదికి ఒక్కమారుగా విడువవచ్చును. ఆయన అట్లు చేయలేదు. ‘విషాద సారంగధర’ అని పేరులోనే ముగింపును చాటెను. జనము చూడవచ్చిరి, ఏడ్చిరి. శ్రీకృష్ణుని రాయబారము విఫలమగునని తెలియని తెలుగువాడు లేడు. అయినను తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగమునకు పద్యము పద్యమునకు వన్స్‌మోర్ కేకలే. ముగింపు చెప్పుట మనకు నేరమెన్నడును కాలేదు. దానికి పేరు లేకపోవుటకు కారణము ఇదియే.

ఇంతకంటెను బలమైన సాక్ష్యము భారతమునందున్నది. యుద్ధకథను సంజయుడు ధృతరాష్ట్రునకు చెప్పు వరుసను గమనింపుడు. పదవనాడు రణరంగము నుండి వచ్చి ఆతడు మొట్టమొదట చెప్పినది భీష్ముడు పడినాడను వార్త. ముసలిరాజు విలపించి, ఎట్లు పడినాడని అడుగును. అప్పుడు మొదటి దినము నుండి కథ. ద్రోణ, కర్ణ, శల్యుల విషయములందును ఇదియే వరుస. మరణవార్త ముందు, యుద్ధవర్ణన వెనుక. నేటి పిల్లల కొలబద్దతో చూచినచో లోకములో సంజయుని మించిన స్పాయిలరు లేడు. వ్యాసుడంతటివాడు ఎంచుకొన్న పద్ధతి గదా ఇది.

శాస్త్రజ్ఞులును కొంత అవ్వ వైపు పలికిరి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అను ఇరువురు 2011లో కొన్ని చిన్న కథలను తీసికొని, కొందరికి ముగింపును ముందుగా తెలిపియు, కొందరికి తెలుపకయు చదివించి, తెలిసి చదివినవారే ఎక్కువగా సంతోషించిరని ప్రకటించిరి. తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఇందుకు విరుద్ధమైన ఫలితములును వచ్చినవి. ఏది యెట్లున్నను అవి కథలు. కథకును ఆటకును గల భేదమును ఈ పరీక్ష ముట్టలేదు.

కథకు కర్త ఉన్నాడు. ముగింపు అతని చేతిలో ఎప్పుడో నిశ్చయమైనది. మనము వినబోవునది అతడు మనలను అచ్చటికి తీసికొనిపోవు నేర్పు. ముగింపు తెలిసినంత మాత్రమున ఆ నేర్పు తరుగదు. ఒక్కొక్కప్పుడు అడుగడుగున మరింత తెలియును. ఆటకు కర్త లేడు. బంతి చేతిని వీడిన క్షణమున వేసినవానికి తెలియదు, కొట్టువానికి తెలియదు, అంపైరునకు తెలియదు. చూచువాడు ఆ తెలియనితనములో వారితో సమానుడై కూర్చుండుటయే ఆటలోని రసము. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో ప్రపంచకప్పు తుదిపోటీలో దక్షిణాఫ్రికావారికి చివరి 30 బంతులలో 30 పరుగులు మాత్రమే కావలసియుండగా, మన వీధిలో సగము ఇండ్లవారు టీవీ కట్టివేసి పండుకొనిరి. మేల్కొనియున్న సగము వారికి దక్కినది కప్పు మాత్రమే కాదు. ఆ నిరాశను దాటి వచ్చిన త్రోవ దక్కినది. పండుకొన్నవారు ఉదయమున 7 పరుగులతో గెలిచితిమని పత్రికలో చదివిరి. ఇద్దరికిని తెలిసిన ఫలితమొక్కటే. ఇద్దరును చూచినది ఒక్కటి కాదు.

మేము చేసిన ఉద్యోగములో సీలు వేసిన టెండరు కవర్లను గడియ చెప్పి అందరి యెదుట తెరచుట ఒక పద్ధతి. కవరులోని అంకె ముందు దినమున తెలిసినను, మరునాడు తెలిసినను అదియే అంకె. అయినను ముందు దినము చెప్పిన గుమాస్తాను ‘నిజమే చెప్పినాడు గదా’ అని ఎవరును విడిచిపెట్టరు.

ఇక హనుమంతుని, సంజయుని మరల తీసికొందము. క్షేమేంద్రుని ‘అవస్థ’ ఇచ్చట పనికివచ్చును. రామునకు ఎదురుచూపు బాధ. ధృతరాష్ట్రునకును బాధయే. పరీక్ష నంబరు కొరకు గుమ్మములో నిలుచున్న మాకును బాధయే. బాధను త్రుంచువాడు ఉపకారి. ఆసుపత్రి వార్తను, కాన్పు వార్తను, రైలు ప్రమాదములో మనవారు క్షేమమను వార్తను ఒక్క క్షణము దాచుటయు పాపము. ఆటయందు ఎదురుచూపు కోరి తెచ్చుకొన్నది. డాలస్ పిల్లవాడు ఆ దినమున చెవులు మూసికొని కూర్చుండినది దాని కొరకే. దానిని త్రుంచినవారు ఉపకారమును తలచి అపకారము చేసిరి. అవ్వ ప్రశ్నకు మాకు దొరకిన సమాధానమింతే: వార్త మంచిదే, వినువాని అవస్థ వేరు.

సంజయుని విషయములో ఇంకొక సంగతి కలదు. ఆతడు ఫలితమును చెప్పి వెడలిపోలేదు. ఎట్లని అడిగిన రాజునకు బాణము బాణమునకు లెక్క చెప్పెను. మన ఫోను సంజయులు ఫలితమును విసరివేసి, మూడు టపాకాయల బొమ్మలు చేర్చి, పండుకొందురు. వారిని ఎట్లు గెలిచిరని అడుగుడు. సగము మందికి తెలియదు. వారును ఇంకెవరో పంపినదానినే పంపిరి. చూడకయే చెప్పుట! దీనిని మేము అన్నింటికంటె తక్కువ తరగతిలో వేయుదుము. తాను చూచి, పట్టలేని సంతోషముతో చెప్పిన హోసూరు చిన్నమ్మ వీరికంటె ఎంతయో మేలు.

అయితే పిల్లవాని అలుకను కూడ విమర్శింపక విడువరాదు. ఫలితము తెలిసినచో ఆటలో ఏమియు మిగులదని వాని వాదము. ఇది అతి. 2001 మార్చి 11 నుండి 15 వరకు కలకత్తాలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టును తలచుకొందము. ఆ ఆస్ట్రేలియావారు వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చినవారు. మొదటి ఇన్నింగ్సులో వారు 445, మనవారు 171, ఫాలో ఆన్. నాలుగవ దినమంతయు హైదరాబాదు లక్ష్మణ్, ద్రావిడ్ ఇరువురును ఒక్క వికెట్టు పోకుండ ఆడి 335 పరుగులు చేర్చిరి. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. అయిదవ దినమున 171 పరుగులతో గెలుపు. ఈ ఫలితము తెలియనివారు మనలో లేరు. అయినను టీవీలో ఆ ఇన్నింగ్సు మరల వచ్చినప్పుడు లేచి పోవువారును లేరు. షేన్ వార్న్ బంతి కాలి ప్రక్కన గరకుమీద పడి తిరుగుచుండగా, ముందుకు వచ్చి దానిని మిడాన్ వైపునకు కొట్టిన కొట్టు, ఫలితము తెలిసినందువలన అణుమాత్రము తరుగలేదు. మొదట చూచినవాడు గుండె చేతబట్టుకొని చూచినాడు. కావున మణికట్టు కదలికను సరిగా చూచియుండడు. రెండవమారు చూచువాడే దానిని చూచును.

నాగపురములో స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన సి.కె. నాయుడుగారు 1926లో బొంబాయి జింఖానా మైదానమున ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేసిరి, అందు 11 సిక్సర్లు. ఆ సిక్సర్ల మాట మహారాష్ట్రములోని మన పెద్దల ఇండ్లలో తరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ ఆటలో ఎవరు గెలిచిరని అడిగి చూడుడు. చెప్పగలవారు అరుదు. ఫలితమే సర్వస్వమైనచో ఇట్లు జరుగరాదు. 2025 తుదిపోటీలోనే చూడుడు. చివరి ఓవరున పంజాబువారికి 29 పరుగులు కావలెను. మొదటి రెండు బంతులకు పరుగు రాలేదు. ఇక నాలుగు సిక్సర్లు కొట్టినను చాలదు. ఆట ముగియలేదు, ఫలితము ముగిసినది. విరాట్ కోహ్లీ కన్నులు అప్పుడే చెమర్చినవి. ఫలితము తెలిసిన తరువాత మిగిలిన నాలుగు బంతులను మైదానములోని జనము లేచి పోకుండ చూచిరి. పిల్లవాడు మిత్రుల నడుమ ఆ సాయంకాలము మూతి ముడుచుకొనక, ఆ నాలుగు బంతులను చూచినట్లు తక్కినవానిని కూడ చూడవలసినది.

ఆగస్టు నెలలో అవ్వ ఒక పని చేసినది. ఎవరును నేర్పినది కాదు. వానికి వేరుగా నోటిమాట పంపినది: “ఆ రాత్రి నేను నిద్రపోయినాను రా. గెలిచినారని అందరూ చెప్పిరి. ఎట్లా గెలిచినారో ఒక్కరూ చెప్పలే. నువ్వు చూసినావు గదా, చెప్పు.” పిల్లవాడు ఫోను చేసి ముప్పావు గంట చెప్పెను. క్రునాల్ పాండ్యా నాలుగు ఓవర్లకు 17 పరుగులే ఇచ్చినది మొదలు, చివరి ఓవరు వరకు. వికెట్టునకును, రన్‌అవుటునకును తెలుగు పేర్లు లేక వాడు తడుముకొనగా, అవ్వ ‘పడగొట్టినాడా?’ అని అందించినదట. ధృతరాష్ట్రునివలె అవ్వయు ఫలితమెరిగియే ఎట్లని అడిగినది. వాడు గ్రూపునకు మాత్రము తిరిగి రాలేదు. అవ్వతో వారమునకొకసారి ఫోను.

ఇంతవరకు నేరుగా చెప్పుటను గూర్చి వ్రాసితిమి. చెప్పక చెప్పుట ఇంకను చిత్రమైనది. “నేనేమియు చెప్పను, చివరి ఓవరు మాత్రము తప్పక చూడుము” అనువారు కలరు. ఇట్లనిన తరువాత పందొమ్మిది ఓవర్లు ఎవడు కంగారు పడును? “గుండె దిటవు చేసికొని చూడుము” అనువారు కలరు. ఏ బొమ్మ పంపకుండ ఒక్క జెండా మాత్రము పంపువారు కలరు. అన్నింటికంటె గట్టిగా చెప్పునది మౌనము. 2023 నవంబరు 19న, అంతవరకు ఆడిన 10 ఆటలును గెలిచిన మన జట్టు అహమ్మదాబాదులో ఆస్ట్రేలియా చేతిలో 6 వికెట్లతో ఓడినప్పుడు, నిమిషమునకు పది మెసేజీలు వచ్చు గ్రూపులు బావివలె అయిపోయినవి. పని మీద బయట ఉండి, రాత్రి చూడదలచినవారికి ఆ నిశ్శబ్దమే ఫలితమును చెప్పినది. దీనికి ఎవరిని నిందింతుము?

సగము వార్త వలని ముప్పును విరాటపర్వమే చూపినది. ఉత్తరుడు గెలిచెనను వార్త దూతల వలన ముందుగా వచ్చినది. రాజు పొంగిపోయి, కంకునితో జూదమాడుచు, కొడుకును పొగడుకొనుట మొదలిడెను. బృహన్నల తోడుండగా గెలుపున కేమి లోటని కంకుడు పలుకగా పాచికతో ముఖము మీద కొట్టి రక్తము చిందించెను. వార్త నిజమే, గెలిచినది ఎవరో ఇంకను రాలేదు. బ్రిడ్జ్‌టౌన్ రాత్రి ‘ఇక పోయినట్లే’ అని గ్రూపులలో వ్రాసి పండుకొన్నవారు ఉదయమున ఆ వాక్యములను తుడిచివేసికొనిరి.

ప్రక్కింటివారి కేక మరియొకటి. డిష్షు మీద వచ్చు ప్రసారము కంటె ఇంటర్నెట్టు మీద వచ్చు ప్రసారము కొన్ని క్షణములు, ఒక్కొక్కప్పుడు అర నిమిషమో అంతకు మించియో వెనుకబడి వచ్చును. ఫోనులో చూచుచున్న పిల్లవాడు బౌలరు పరుగెత్తుట చూచుచుండగా, గోడ అవతల డిష్షు ఉన్నవారు “ఔట్!” అని అరచుట వినబడును. ఇందు ఔచిత్య చర్చకు తావు లేదు. సంతోషించు మనుష్యుని అరవవద్దనుట ఎవరి తరము? పిల్లలు చెవులకు గొట్టములు పెట్టుకొని చూచుకొనుచున్నారు, అదియే నయము.

అట్లైన దేనిని అడ్డవలెను? ఫలితమును దాచుకొనువారి గోడు ఫోనుతో పుట్టినది కాదు. 1973లో బీబీసీవారి ఒక హాస్యనాటికలో ఇద్దరు మిత్రులు రాత్రి టీవీలో ఫుట్‌బాలు ఆట చూచువరకు ఫలితము చెవిని పడకుండ దినమంతయు ఊరిలో దాగికొని తిరుగుటయే కథ. ఆ బీబీసీ వార్తలు చదువువారు, రాత్రి ఆటల కార్యక్రమము రానున్నప్పుడు, ఫలితము తెలియగోరనివారు ముఖము త్రిప్పుకొనుడని చెప్పి, తరువాత అంకెలు చూపుట అలవాటు. మాకు ఇది చాల నచ్చినది. వార్త ఆగలేదు, చూడగోరనివానికి మాత్రము ఒక క్షణము దొరకినది.

ఫోనులో ఆ క్షణము దొరకుట కష్టము. మెసేజి మొదటి వరుస మూసిన అద్దము మీదనే పడును. కావున మొదటి వరుసలో ‘ఆట సంగతి’ అని మాత్రమే వ్రాసి, ఫలితమును నాలుగు వరుసల క్రింద వ్రాయవలెను. షోలాపురము చిన్నమ్మ ఇట్లే చేయుచున్నది. ఆమె చుక్కలు పెట్టి పెట్టి వ్రాయునది చూచి అందరును నవ్వుదురు, కాని ఆమె మీద ఎవరును అలుగలేదు. గ్రూపు ముఖచిత్రమును కప్పు పట్టుకొన్న జట్టు చిత్రముగా మార్చుట మాత్రము క్షమింపరానిది. మెసేజిని తెరువకుండవచ్చును, ముఖచిత్రమును చూడకుండుట యెట్లు? వేరుగా ఒకరికి పంపునప్పుడు, “చూచినావా?” అని అడిగి ఊరకుండుట ఉత్తమము. అతడు చూచినట్లు బదులు వచ్చిన తరువాత మాటలకు కొదువ యుండదు.

గడువు మాట. రెండు దినములు ఎవరును నోరు మెదపరాదని డాలస్ వైపు వారు కోరుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. ఎనుబది యేండ్ల అవ్వ తన సంతోషమును రెండు దినములు కొంగున ముడివేసికొని కూర్చుండవలెనా? నలువది మంది ఒక్కని కొరకు మూగలు కావలెనా? చూడనివాడు తానే గ్రూపును మ్రోగకుండ చేసికొనవలెను, తెరువకుండవలెను. ఆ పిల్లవాడు చేసినది సరియే. ఆ పైన, చూడనివాని యూరిలో తెల్లవారువరకు వానికి వేరుగా ఎవరును వార్త పంపరాదు. తెల్లవారిన తరువాత చూడకపోవుట వాని లోపము. మేనమామ ఈ షరతులను వ్రాసి గ్రూపులో పెట్టెను. బరంపురమువారు ఒప్పుకొనిరి. హోసూరు చిన్నమ్మ ఇంతవరకు ఏమియు అనలేదు.

అయిదు దినముల టెస్టునకు ఈ గడువు ఎట్లు వర్తించునో ఎవరికిని తోచలేదు. అందులోను డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలగు టెస్టు మనకు తెల్లవారుజామున అయిదింటికి వచ్చును. డాలస్‌లో అది డిసెంబరు 25 సాయంకాలము అయిదున్నర, సెలవు దినము. పిల్లవాడు సోఫాలో కూర్చుండి మొదటి బంతి నుండి చూచును. బళ్లారిలో మేనమామ ఏడు గంటలకు లేచి, కాఫీ త్రాగి, రాత్రి రికార్డుకు పెట్టుకొన్నదానిని మొదటి నుండి వేసికొనును. అప్పుడు నోరు కట్టుకొనవలసినవాడు డాలస్ వాడు.